కూతురులాంటిది

మీరే. జువాలజీ హెడ్డు హరిబాబు గారూ, మీరే. పైఅంతస్తులో ఏసీ గదిలో కూచున్న ప్రిన్సిపాలు గారూ, మీరూ. గ్రేడు ఇవ్వడానికి వచ్చి, కొబ్బరిబొండాం తాగి, శాలువా కప్పించుకుని పోయే కమిటీ పెద్దలూ, మీరూను. రిసెర్చి అని పేరు పెట్టి, గాలాడని గదిలో ఒక కడుపుతో ఉన్న మనిషిచేత విషం కలిపించారు. మాకు తెలీదండీ అంటారు. తెలియకుండా ఉండడానికి మీరెంత జాగ్రత్త పడ్డారో చెప్తాను, వినండి.

మంగళవారం పొద్దున రిసెర్చి స్కాలరు వినీల మ్యూజియం గది తలుపు తోసేసరికి ఫార్మలిన్ వాసన ఎదురొచ్చి మొహం మీద కొట్టింది. తడిపిన చున్నీ ముక్కుకు బిగించి కట్టుకుంది. కళ్లకు కట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి కళ్లు మండాయి.

రాజమండ్రిలో ఆ కాలేజీకి పెద్ద పేరు. ఆ పేరుకి శుక్రవారం కమిటీ వచ్చి గ్రేడు వెయ్యబోతోంది. అందుకని జువాలజీ మ్యూజియంలో ఏళ్లతరబడి పసుపు తిరిగిపోయిన సీసాలన్నీ మళ్లీ తెల్లగా కావాలి. పాములు, సొరచేప పిల్లలు, నక్షత్రచేపలు, రెక్కలు చాపిన గబ్బిలం. ఒక్కో సీసా దింపి, మూత అంచున గట్టిపడ్డ మైనాన్ని చాకుతో గీకి ఊడదియ్యాలి. పాత ఫార్మలిన్ బకెట్లోకి ఒంపాలి. గాజుపలకకి దారంతో కట్టిన జంతువును విప్పి కుళాయి కింద కడగాలి. చేతిలో అది జిగటగా, చల్లగా జారుతుంది. కొత్త దారంతో మళ్లీ కట్టి సీసాలో నిలబెట్టాలి. ఒక పాలు ఫార్మలిన్‌కి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి నింపి, మూత పెట్టి, కరిగించిన మైనం చుట్టూ పొయ్యాలి. చేతులకి తొడుగులు లేవు. కిటికీలకు అడ్డంగా బీరువాలున్నాయి.

మూడో సీసా దగ్గర వినీల చాకు కింద పడేసింది. వరండాలోకి పరిగెత్తి, గోడ పట్టుకుని, వచ్చింది వచ్చినట్టు కక్కింది. తాగిన టీ తప్ప ఏమీ లేదు లోపల.

అటెండరు అప్పాజీ స్టూలు మీంచి లేచి చెంబుతో నీళ్లు తెచ్చాడు. చెంబు ఇచ్చాడు గాని గుమ్మంలోకి రాలేదు.

“ఏం పాపా, వాసన పడలేదా, ఇంకేవైనానా?”

“వాసనేనండి.”

“ఊఁ,” అన్నాడు అప్పాజీ. నలుగురు పిల్లల్ని కన్న ఇంట్లో మనిషి. “మేవైతే గ్లవుజులు లేకండా ఆ మందు ముట్టుకోవండి. మా యూనియనోళ్లు రాసిచ్చేశారు. సారు ఓ మాటు నన్ను దిగమన్నారు, యూనియన్ లీడరొచ్చి ఈ వరండాలోనే నిలబడ్డాడు. అంతే, మళ్లీ అడగలేదు.”

“మాకు యూనియన్ లేదు కదండీ.”

“మీకెందుకు పాపా? మీరు సారుకి కూతుళ్లు గదా!” అని నవ్వాడు. కూతురికి యూనియనేంటని మళ్లీ నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం ఉంది, జాలి కూడా ఉందేమో. వినీలకి రెండూ అక్కర్లేదు.

“ఇంకోటైతే మటుకు సారుతో చెప్పకండి,” అన్నాడు గొంతు తగ్గించి. “లోవలక్ష్మమ్మ గారని తునినించి రోజూ రైల్లో వచ్చేవారు, మీ ముందరావిడ. కడుపని చెప్పారు. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమ్మా అన్నారు సారు. ఇప్పటిదాకా తీసుకుంటానే ఉన్నారు.”

వినీల పుక్కిలించి ఉమ్మి మళ్లీ లోపలికి వెళ్లింది.

కాసేపటికి హరిబాబు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, ముక్కుకు అడ్డంగా తెల్ల రుమాలు. గడప దాటలేదు. ఆ గడప ఆయన దాటగా ఎవరూ చూడలేదు.

“ఏమ్మా వినీలా, ఎంతవరకొచ్చింది?”

“ఒక బీరువా కూడా కాలేదండి. అప్పాజీ గారికి గ్లవ్స్ ఇప్పిస్తే కాస్త సాయం...”

“వాళ్లతో మనకెందుకమ్మా! యూనియనంటారు, లీడరంటారు. నువ్వు నా కూతురులాంటిదానివి. మన ఇల్లు మనం దులుపుకోడానికి బయటివాళ్లని పిలుస్తామా?”

“పోనీ మణిదీప్...”

“వాడు కంప్యూటర్ రూములో కమిటీకి నా స్పీచి తయారు చేస్తున్నాడు. పైగా వాడికి డస్టు పడదు.” మణిదీప్ ఆయన తోడల్లుడి కొడుకు. రిసెర్చిలో చేరి ఇంకా బూట్లకి బురద అంటలేదు. “అయిపోయాక అగరొత్తులు వెలిగించు తల్లీ. కమిటీ వాళ్లకి వాసన రాకూడదు.”

కమిటీకి రాకూడని వాసన. అది ఇన్నాళ్లూ ఎవరి ముక్కులోకి వెళ్లిందో ఆయనకి తట్టలేదు.

*

బుధవారం మధ్యాహ్నం హరిబాబు వినీలని పిలిచి ఒక పని చెప్పారు. కమిటీ ముందు బల్లల మీద పరచడానికి ఇంట్లో మంచి దుప్పట్లున్నాయి, వెళ్లి తేవాలి. ఆటో ఎక్కి వెళ్లింది. మ్యూజియం నించి బయటపడ్డందుకు ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆయన భార్య వెంకటదుర్గ గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

“అక్కడే ఉండమ్మా, ఏమీ అనుకోకు. నీ దగ్గర ఏదో మందు కంపొస్తోంది. మా హారతి పురిటికొచ్చింది, దానికి ఏ వాసనా పడట్లేదు. పోపు కూడా పెరట్లో పొయ్యి పెట్టి వేస్తున్నాం. ఇంట్లో అగరొత్తి వెలిగిస్తే మీ సార్ తిడతారు.”

వినీల అరుగు మీద నిలబడింది. లోపల ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. చాప మీద హారతి ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని పక్కకి ఒరిగి ఉంది. చక్కటి పిల్ల. ఆ పిల్ల తప్పేమీ లేదు.

దుప్పట్లు కడుతుండగా హారతే నెమ్మదిగా లేచి గుమ్మందాకా వచ్చింది. వినీల అప్పుడే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగింది. చేతికున్న వాసనే ముక్కులోకి వెళ్తే చెయ్యి తీసేసి చున్నీ అడ్డం పెట్టుకుంది.

“మీకెన్నో నెలండి?” అంది హారతి.

వినీల దుప్పట్ల మూట కోసం చెయ్యి చాపింది.

“నాకు తెలుస్తుంది లెండి, నిన్నమొన్నటిదాకా నాదీ ఇదే అవస్థ. ఈ వాసనలో పనిచేస్తున్నారా! నాన్నగారికి తెలీదా?”

“తెలీదండి. చెప్పకండి.”

“చెప్పకపోతే ఎలాగండీ? ఆయన అసలు ఒప్పుకోరు. నాకు జలుబు చేస్తేనే డాక్టర్ని ఇంటికి పిలుస్తారు. మీరంటే కూడా చాలా ఇష్టం, వినీల మన ఇంటి పిల్లలాంటిదని ఎప్పుడూ అంటారు.”

“దయచేసి చెప్పకండి,” అంది వినీల. హారతి నవ్వి తల ఊపింది. ఆ ఊపుడు చెప్తానన్నట్టుందో చెప్పనన్నట్టుందో తెలియలేదు.

ఆ సాయంత్రం ధవళేశ్వరం బస్సు దిగి ఇంటికి చేరాక వినీల కంచం ముందు కూచోలేకపోయింది. భర్త ప్రేమ్ కుమార్ మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఆమె చేతులు పట్టుకుని చూశాడు. వేళ్ల చివర చర్మం తెల్లగా, కాగితంలా లేచి ఉంది.

“మానెయ్,” అన్నాడు. “నీ ఆరోగ్యం కంటే ఎక్కువా పీహెచ్డీ?”

“నా ఆరోగ్యం ముఖ్యమైతే ఆ గది మార్చమను. నన్నెందుకు మార్చడం?”

“ఎవర్ని అడుగుతాం? ఆయన సంతకం లేకపోతే నీ థీసిస్ ఉందా?”

“లేదు.”

“మరి?”

మరి ఏముంది? బిడ్డ కావాలి. థీసిస్ కావాలి. రెండిటికీ ఒకటే శరీరం. 

*

గురువారం హరిబాబు తన గదికి పిలిచారు. లోపలికి వెళ్లగానే లేచి నిలబడి, కుర్చీ జరిపి కూచోమన్నారు. అప్పుడే వినీలకి అర్థమైంది. హారతి చెప్పేసింది.

“ఎంత పని చేశావమ్మా! నాతో చెప్పొద్దా? పరాయివాణ్ణా? రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు.” ఆయన కళ్లు నిజంగానే తడిశాయి. “ఇంక ఆ గదిలో అడుగు పెట్టావంటే ఒట్టే.”

వినీల ఆ కుర్చీలో కూచుంది. ఇంత మంచి మాట అనే మనిషికా ఇన్నాళ్లు భయపడ్డాను అనిపించింది. “థాంక్సండీ సార్. కిటికీల దగ్గర బీరువాలు జరిపిస్తే మిగతా సీసాలు...”

“సీసాల సంగతి వదిలెయ్యమ్మా. జీవరాజు చేస్తాడు. నువ్వు ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో.”

విశ్రాంతి. ఆ మాట చెవిలో పడగానే వినీల కుర్చీ అంచుకి జరిగింది.

“నా పనికేం ఇబ్బంది లేదండి. నత్తల గది వేరు కదా, అక్కడ ఫార్మలిన్ ఉండదు. అది నేను చేసుకోగలను.”

ఆమె పని పంటకాలవల్లోని నత్తల మీద. ధవళేశ్వరం నించి దిగువకి కాలవగట్ల వెంట నడిచి, వరిమళ్ల అంచున మోకాలిలోతు బురదలో దిగి ఏరుకొచ్చేది. ఒక్కో నత్తని గ్లాసు నీళ్లలో వేసి దీపం కింద పెట్టి కాచుకునేది. కొన్నిట్లోంచి కంటికి ఆనీ ఆనని తోకపురుగులు బయటికొచ్చి నీళ్లలో దుమ్ములా ఈదుతాయి. మేసిన గడ్డితో గేదెల కాలేయంలోకి పోయి కార్జపు జలగలయ్యేవి అవే. ఏ కాలవలో, ఏ నెలలో ఆ పురుగులు ఎక్కువో ఆమె పట్టుకుంది. ఆ స్లైడులు పెట్టెలనిండా ఉన్నాయి. మరొక్క వానాకాలం చూస్తే థీసిస్ పూర్తవుతుంది.

“అదే చెప్తున్నాను. స్లైడు పెట్టెలు మణిదీప్‌కి అప్పజెప్పు. నత్తలకి ఆకు అదీ వాడు వేస్తాడు. పాపం వాటివీ ప్రాణాలే కదా. మిగిలిన సీజను వాడు చూసుకుంటాడు, పేపరు రాసేస్తాడు.”

“నా పేరు, సార్?”

“ఇంట్లోవాళ్ల మధ్య పేర్లేంటమ్మా? పుట్టాక, బిడ్డ కాస్త ఎదిగాక, అప్పుడు చూద్దాం. మీ ఆయన్నీ అత్తగారినీ అడుగు, ఒప్పుకుంటారో లేదో. ఆడపిల్ల తండ్రిగా చెప్తున్నాను.”

ఆయన అబద్ధమాడటం లేదు. అసహ్యమంతా అక్కడే ఉంది. తను జాలి చూపిస్తున్నాననే ఆయన నమ్మకం. జాలితోనే తలుపు వేసేస్తున్నారు. తిట్టి పంపితే తిరగబడొచ్చు. బుజ్జగించి పంపేవాణ్ణి ఏమని తిడతాం?

నత్తల గదిలో మణిదీప్ అప్పటికే నిలబడి ఉన్నాడు.

“అక్కా, సార్ చెప్పారు. పెట్టెలు ఏవేవో చూపిస్తావా? సారీ అక్కా, నేను అడగలేదు.”

“వద్దని కూడా అనలేదు కదూ?”

 తొట్టిలో నత్తలు గాజుగోడ మీద మెల్లగా పాకుతున్నాయి. స్లైడు పెట్టెలున్న బీరువా తాళంచెవి గోడమేకుకి ఉండేది. ఇప్పుడు మణిదీప్ జేబులో ఉంది.

బయటికొచ్చేసరికి మ్యూజియంలో జీవరాజు ముక్కుకి రుమాలు కట్టుకుని మొదటి సీసా మైనం గీకుతున్నాడు. అందరికంటే చిన్న స్కాలరు, చేరి కొన్నాళ్లే అయింది. ఒళ్లంతా భక్తి. చాకుతో సీసా మీద టకటక తాళం వేస్తూ ఏదో బట్టీ పడుతున్నాడు.

“ఏంటి జీవరాజూ?”

“రేపు కమిటీ అడిగితే చెప్పాల్సిందండి. సార్ రాసిచ్చారు. మా గైడు మాకు తండ్రిలాంటివారు అని. నేను ఇంగ్లీషులో చెప్తానన్నాను. సార్ ఈజ్ లైక్ అవర్ ఫాదర్. బావుందాండి?”

“గ్లవ్స్ ఏవి?”

“సార్ కొంటామన్నారండి.”

“ఎప్పుడు?”

జీవరాజు ఎర్రబడ్డ కళ్లతో నవ్వాడు. వినీల వెళ్లి ఒక బీరువాని భుజంతో నెట్టబోయింది. అప్పాజీ పరిగెత్తుకొచ్చి ఆమెని పక్కకి లాగాడు. ఆ తరవాత తనే, ఏ యూనియన్నీ అడగకుండా, జీవరాజుతో కలిసి బీరువా జరిపి కిటికీ తెరిచాడు. ఈసారి గడప దాటాడు.

*

శుక్రవారం వినీల విశ్రాంతి తీసుకోలేదు. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఆమెని చూసి హరిబాబు మొహం ఒక్క క్షణం చిట్లించి, వెంటనే నవ్వారు. కమిటీ కార్లు దిగుతున్నాయి మరి.

మ్యూజియంలో అగరొత్తుల పొగ. దాని మీద రూం స్ప్రే. దాని కింద ఫార్మలిన్. మూడూ కలిసి, సెంటు పూసిన శవంలా ఉంది ఆ గది. కమిటీ పెద్దలు గుమ్మంలోంచే “బ్యూటిఫుల్” అన్నారు. ఒకాయన తుమ్మాడు. అంతటితో మ్యూజియం పరీక్ష అయిపోయింది.

తరవాత సెమినార్ హాల్లో స్కాలర్లతో మాటామంతీ. గైడ్లు బయటుండాలని రూలు. హరిబాబు బయటే ఉన్నారు, సగం తెరిచిన తలుపు పక్కన, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని. చైర్‌పర్సన్ తెలుగావిడే. జరీ చీర, మెళ్లో కమిటీ బ్యాడ్జీ.

“మీ గైడ్లతో ఏమైనా ఇబ్బందులున్నాయా? ఓపెన్‌గా చెప్పండి.”

మణిదీప్ లేచాడు. “మా సార్ మాకు తండ్రిలాంటివారు మేడమ్.” కూచున్నాడు. బోటనీ అమ్మాయి లేచింది. వాళ్ల మేడమ్ తల్లిలాంటిదంది. ఇంకో అబ్బాయి లేచాడు. వాళ్ల సారూ తండ్రే. కమిటీలో ఒకాయన ముచ్చటపడి తల ఊపుతున్నాడు. ఎంత మంచి కాలేజీ! ఎక్కడ చూసినా తల్లిదండ్రులే.

వినీల వంతు వచ్చింది. లేచి నిలబడింది.

“నాకు నాన్న ఉన్నారండి,” అంది.

చైర్‌పర్సన్ అర్థం కాక నవ్వింది. “గుడ్. అంటే?”

“సామ్యేలు గారని, ధవళేశ్వరంలో ఆనకట్ట దగ్గర గేట్లెత్తే లస్కరు పని చేసి రిటైరయ్యారు. ఆయన నన్ను విషం గదిలో పెట్టరండి. హరిబాబు గారికీ ఒక కూతురుంది. ఆవిణ్ణీ పెట్టరు. పెట్టేది కూతురులాంటిదాన్ని. అంతా ఆ ‘లాంటి’లోనే ఉంది మేడమ్. కూతురికి ఇచ్చేవేవీ ఇవ్వక్కర్లేదు. స్కాలరుకి ఇవ్వాల్సినవీ ఇవ్వక్కర్లేదు.”

ముచ్చటపడి తల ఊపుతున్నాయన ఊపడం ఆపేశాడు.

“నాకు మూడో నెల. అది తెలిశాక నాకు విశ్రాంతి ఇచ్చారు. నా పని ఇంకొకళ్లకి ఇచ్చారు. విశ్రాంతి నేను అడగలేదండి. కిటికీ తెరవమన్నాను.”

తలుపు దగ్గర ఫ్లాస్కు మూత కింద పడి దొర్లింది. చైర్‌పర్సన్ బ్యాడ్జీ సవరించుకుంది. పక్కాయన వంక చూసింది. వాచీ చూసింది.

“ఇది మీ ఇంటర్నల్ మేటర్ కదమ్మా. మీలో మీరు కూచుని మాట్లాడుకోండి. నెక్స్ట్?”

అంతే. పెద్దావిడ, చదువుకున్నావిడ, తనూ ఒకప్పుడు ఎవరికో కూతురులాంటిదే అయ్యుంటుంది. నెక్స్ట్ అంది.

నెక్స్ట్ జీవరాజు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిన్నంతా సీసాలు కడుగుతూ బట్టీ పట్టిన మాట.

“సార్ ఈజ్ లైక్...”

ఆగాడు. గొంతు సవరించుకున్నాడు.

“లైక్...”

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. బోటనీ అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. జీవరాజుకే నవ్వొచ్చేసింది. ఎర్రటి కళ్లు తుడుచుకుంటూ, “సారీ మేడమ్, రావట్లేదు,” అని కూచున్నాడు. అతని వెనక మరో ఇద్దరున్నారు. వాళ్లూ లేచి, ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, పేరూ సబ్జెక్టూ చెప్పి కూచున్నారు. ఎన్నేళ్లనించో ఆ కాలేజీలో నడుస్తున్న మాట ఆ మధ్యాహ్నం చెల్లకుండా పోయింది. ఎవరూ చించలేదు, కాల్చలేదు. నోట్లో పెట్టుకుంటే నవ్వొస్తోంది, అంతే.

కమిటీ భోజనాలకి లేచింది. వరండాలో హరిబాబు వినీలకి ఎదురు నిలబడ్డారు. మొహం నల్లబడి ఉంది.

“కన్నకూతురిలా చూసుకున్నాను. ఇదా నువ్వు చేసేది?”

“అలా చూడొద్దండి సార్. స్కాలర్ని చూసినట్టు చూస్తే చాలు.”

“నా సంతకం లేకుండా ఎలా ముగిస్తావో చూస్తాను.”

“తండ్రి మాటేనాండి ఇది?” అన్నాడు స్టూలు మీంచి అప్పాజీ, ఎటో చూస్తూ.

వినీల పైఅంతస్తులోని ప్రిన్సిపాలు గదికి మెట్లెక్కింది.  వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూసింది. జీవరాజు. అతని వెనక బోటనీ అమ్మాయి. వాళ్లకి కాస్త దూరంగా, వస్తున్నట్టూ రానట్టూ, మణిదీప్. జేబులోంచి స్లైడుల బీరువా తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అతన్ని మెచ్చుకోనక్కర్లేదు. అది ఆమెదే.

ప్రిన్సిపాలు కమిటీతో భోజనానికి బయల్దేరుతూ ఉన్నారు. నలుగురినీ చూసి చిరాకు పడ్డారు.

“ఇప్పుడేంటమ్మా! నీ సంగతి విన్నాను. ఆరోగ్యం బాలేదంటున్నావుగా, నీ ఒక్కదానికి ఏదో ఒకటి సర్దుతాను. కమిటీ వెళ్లాక రా.”

“నా ఒక్కదానికి వద్దండి,” అంది వినీల.

“అదేంటి?”

“ఒక్కదానికి సర్దితే దయ అవుతుందండి. మీ మనసు మారితే పోతుంది. అందరికీ రూలు పెట్టండి. ఎవరు చేసిన పని మీద వాళ్ల పేరే ఉండాలి. పురిటికి సెలవివ్వాలి, తిరిగొచ్చేసరికి వాళ్ల బల్ల వాళ్లకుండాలి. గైడు పడకపోతే ఇంకో గైడు దగ్గరికి మారే దారుండాలి. తొడుగుల్లేకుండా ఎవరూ ఆ మందు ముట్టుకోకూడదు, స్కాలరైనా, అటెండరైనా, హెడ్డైనా.”

“కమిటీ వెళ్లాక...”

“కమిటీ వెళ్లాక మీకు మాతో పనుండదండి. టైపిస్టు గారు ఇక్కడే ఉన్నారు. ఇప్పుడు కొట్టించి, సంతకం పెట్టి, నోటీసు బోర్డుకి ఎక్కించండి. ఆ తరవాత భోజనానికి వెళ్లండి.”